గోదావరి మీద పిల్లల గది

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. పదమూడేళ్ళప్పుడు, కూనవరం రేవులో ఆగి ఉన్న ఒక లాంచీలో, పిల్లల గదిలోకి నేను మోకాళ్ళు వంచి నడిచి వెళ్ళాను. పాదాల దాకా జీరాడే లంగా కట్టుకున్నాను కాబట్టి లోపల మోకాళ్ళు వంగి ఉన్నాయని ఎవరికీ తెలియలేదు. నాలుగడుగుల దూరం అలా నడిచి, లోపలికి వెళ్ళగానే చెక్కబల్ల మీద కూలబడ్డాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఇంజన్ అప్పుడే మొదలైందేమో అనుకున్నాను.

ఇన్నాళ్ళకు అది గుర్తు రావడానికి కారణం అక్క కూతురు స్వప్న. మొన్న వేసవిలో హనుమకొండలో ఎవరో సెలవుల్లో పిల్లల కోసం క్లబ్బు పెట్టారని విని, స్వప్నను నేనే రిక్షాలో తీసుకెళ్ళాను. బొమ్మలు గీయడం, పాటలు, నాటకాలు, ఆటలు అన్నీ ఉన్నాయట. గుమ్మం పక్కన అట్టముక్క మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: ఐదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వరకు. బల్ల దగ్గర కూర్చున్నాయన స్వప్న పుట్టినరోజు అడిగాడు. అది గర్వంగా చెప్పేసింది. పోయిన నెలే ఇంట్లో కేకు కోశాం, బుడగలు కట్టాం, పక్కింటివాళ్ళను పిలిచాం. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, "పాప పెద్దదైంది మేడం" అన్నాడు, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. లోపల నుంచి డప్పు చప్పుడు, పిల్లల నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. రిక్షాలో సగం దూరం వచ్చాం. అప్పుడు స్వప్న, "చిన్నమ్మా, మరి పన్నెండు దాటినోళ్ళు ఏడికి పోవాలె?" అని అడిగింది. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మా చిన్నప్పుడు వయసు ఇంత గట్టిగా ఉండేది కాదు. నాకు బడిలో ఒక వయసు, బస్సులో ఒక వయసు, ఇంట్లో ఒక వయసు ఉండేవి. బడి రిజిస్టరులో హెడ్మాస్టరు తనకు తోచిన తేదీ వేశాడు. బస్సెక్కితే అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి కాస్త కిందికి అదిమి, కండక్టరుతో "పదకొండు నడుస్తాంది" అనేది. ఆ పదకొండు మూడేళ్ళపాటు నడిచింది. ఇంట్లో మాత్రం నేను, బాపు చౌరస్తాలో కొత్త దుకాణం తెరిచిన ఏడాది, చింతచెట్లు పూతకొచ్చినప్పుడు పుట్టిన పిల్లను. కేకు లేదు, తేదీ లేదు. పుట్టినరోజు లేకపోవడం వల్ల పెద్దవాళ్ళమవుతున్న చప్పుడు కూడా మాకు వినబడేది కాదు.

ఇంటి కింద బట్టల దుకాణం, పైన మేము. మెట్లెక్కుతుంటే కొత్త బట్టల గంజి వాసన వెంట వచ్చేది. మధ్యాహ్నం బాపు, పెద్దబాపు అన్నాలు తిని దుకాణంలోనే నడుము వాల్చేవాళ్ళు. అమ్మ, పెద్దమ్మ వంటింట్లో చాప పరుచుకునేవాళ్ళు. ఇల్లంతా నిద్రపోయే ఆ వేళలో వెనక గదిలో ఇద్దరమే మేలుకుని ఉండేవాళ్ళం, నేనూ కనకమ్మత్తా. ఆమె మా బాపుకు మేనత్త. నాకు నాయనమ్మ వరస అవుతుంది, కాని ఇంట్లో పెద్దా చిన్నా అందరికీ ఆమె కనకమ్మత్తే. మనిషి సన్నగా, పొట్టిగా ఉండేది. ఎప్పుడూ అంచు లేని తెల్ల చీర. ఒంటిపూట భోజనం. ఆమె పళ్ళెం ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తుంటే, నేను గోడకు ఆనుకుని వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేదాన్ని. ఆమెకు చదువు రాదు. బయట నలుగురిలో నోరు విప్పలేని నాకు, ఆ గదిలో మాత్రం గొంతు వచ్చేది. ఎక్కడైనా తొందరపడి చదివితే, "జర నిమ్మలంగ. ఆ పిల్ల ఇంక తలుపు తియ్యనేలేదు, నువ్వు అప్పుడే ఊరు దాటిస్తానవు" అనేది. పులుపు వాసన, ఫ్యాను కిర్రుమనడం, కింద దుకాణంలో పనివాళ్ళెవరో బట్టల తాను దులుపుతున్న చప్పుడు. నా బాల్యమంతా ఎక్కడుందని అడిగితే ఆ గదినే చూపిస్తాను.

ఆమె కథలు కూడా చెప్పేది. అయితే పిల్లలకే. పెద్దవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటే ఆపేసేది. "మీకు చెప్పిన కొద్ది నడుమ నడుమ ధరలు మాట్లాడుకుంటరు, నాకొద్దు" అనేది. నాకు పదమూడేళ్ళున్న ఆ ఏడు దసరా సెలవుల్లో ఒక కథ మొదలుపెట్టింది. టేకు దుంగల తెప్ప మీద గోదావరి దాటుతున్న ఒక షావుకారి కూతురు నీళ్ళలో పడిపోతుంది. నది అడుగున వెండి ఇసుక వీధులతో ఒక ఊరుంటుంది. "ఆ ఊళ్ళె పొద్దు గూకదు" అని చెప్పింది కనకమ్మత్త. "పొద్దు గూకకపోతే రేపు రాదు. రేపు రాకపోతే ఏండ్లు నిండయి. ఎప్పటికీ ఆడుకునుడే." ఒక్కటే షరతు. మీద ఉన్నవాళ్ళను ఎవరినీ పిలవకూడదు. ఆ పిల్ల అట్లాగే ఆడుకుంటూ ఉండగా, ఒకనాడు నీళ్ళ మీద నుంచి రోకలి చప్పుడు వినబడుతుంది. వాళ్ళమ్మ పండుగకు పిండి దంచుతున్నది. ఆ పిల్ల నోరు తెరిచింది... అంతే, కనకమ్మత్త అక్కడ లేచి పైట దులుపుకుంది. "మిగిలింది గోదారి మీద చెప్త."

ప్రతి కార్తీకంలో మా బట్టల దుకాణాల చుట్టాలందరం కలిసి ఒక బస్సు మాట్లాడుకుని భద్రాచలం పోయేవాళ్ళం. రాములవారి దర్శనం అయ్యాక కూనవరం వెళ్ళి, లాంచీలో పేరంటాలపల్లి దాకా పోయి, సాయంత్రానికి తిరిగి రావడం. లాంచీకి రెండంతస్తులు. పైన గుడ్డ పందిరి వేసిన డెక్కు, గాలి, కొండలు, చాపలు, ఫలహారాలు. కింద ఇంజన్ ముందు చిన్న గది. చువ్వల కిటికీలు దాదాపు నీటి ఎత్తులో ఉండేవి. అంతకు ముందటేడు ఒక చిన్నవాడు పైన కమ్మీ మీదికి వంగితే చెప్పు నదిలో పడింది. వెనకాలే వాడు కూడా పోవలసింది, ఎవరో చొక్కా పట్టి లాగారు. అందుకని పెద్దబాపు ఈసారి బస్సులోనే లేచి నిలబడి చాటింపు వేశాడు. "పన్నెండు లోపోళ్ళంత కింది గదిల. కనకమ్మత్త చూసుకుంటది. పన్నెండు దాటినోళ్ళు మీద, అమ్మల పక్కన. ఇటుది అటు కావద్దు."

బస్సులో నేను తప్ప అందరూ తలలూపారు. నాకు పదమూడు నిండాయని అమ్మకు తెలుసు, నాకు తెలుసు. దసరాకే నాకు ఓణీ కుట్టించారు. ఇవాళ వేసుకుంటా, రేపు వేసుకుంటా అని నెట్టుకొస్తున్నాను. అది అమ్మ సంచిలో మడత పెట్టి ఉంది. పైన ఏం జరుగుతుందో నాకు ముందే కళ్ళకు కట్టినట్టుంది. పెద్దమ్మలు, వదినలు, వాళ్ళ చుట్టాలు చుట్టూ కూర్చుని, "ఇటు తిరుగు బిడ్డా. రంగు తల్లిది వచ్చింది. వంట నేర్చినవా? నోట్ల నాలుక ఉన్నదా లేదా?" అని అడుగుతారు. నేను చాప కొసను చూస్తూ కూర్చుంటాను. కింద మాత్రం కనకమ్మత్త కథలోని ఆ పిల్ల నోరు తెరిచి ఇన్ని రోజులుగా నీళ్ళలో ఎదురుచూస్తున్నది. ఎవరిని పిలిచిందో తెలియకుండా నేను పైకి పోవాలి. ఇంకెన్నడూ తెలియదు, ఎందుకంటే పెద్దవాళ్ళకు కనకమ్మత్త కథ చెప్పదు.

రేవులో తల్లులందరూ ఒక్కసారి గోల మొదలుపెట్టారు. పైన తీరిగ్గా కూర్చోవాలనుకున్న ఒక వదిన తన పద్నాలుగేళ్ళ కొడుకును ముందుకు తోసి "వీనికి పదకొండే అత్తమ్మా, మనిషి ఏపుగ పెరిగిండు" అంది. ఇంకొకామె మూడేళ్ళ పిల్లకు ఐదు నిండాయంది. కనకమ్మత్త గది గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మీరు చెప్పే ఏండ్లు కండక్టర్‌కు చెప్పుకోన్రి. నాతోని కాదు" అంది. "ఇగో, ఈ తలుపు చూడున్రి. తల వంచకుండ లోపలికి వచ్చినోళ్ళు పిల్లలు. వంచినోళ్ళు పెద్దోళ్ళు. చెవి అందనోళ్ళు తల్లుల సంకలకు పోవాలె." పిల్లలు కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుని చూపించారు, బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు చేయించినట్టు. ఏపుగా పెరిగినవాడి నుదురు పైచెక్కకు ఠప్పున తగిలింది. అందరూ నవ్వారు. వాడు నుదురు రుద్దుకుంటూ, తనకే ఘనత దక్కినట్టు పైకి పోయాడు.

నేను అందరికంటే వెనక నిలబడ్డాను. పైచెక్క నా తలకంటే రెండు వేళ్ళు కిందికి ఉందని చూడగానే తెలిసింది. అమ్మ ఫలహారాల డబ్బాలు అందించే పనిలో ఉంది. అప్పుడే మోకాళ్ళు వంచాను. దాటేటప్పుడు కనకమ్మత్త నా ముఖంలోకి చూసింది. లంగా అంచు వైపు చూడలేదు. "కిటికీ పక్కకు పో. నీకు నీళ్ళంటే ఇష్టం గద" అంది. పెద్దమ్మ చిన్నకూతురు లత, ఎనిమిదేళ్ళది, వెంటనే అందుకుంది. "అత్తా, సుజాతక్క పెద్దది! ఆమెకు ఓణీ గూడ కుట్టించిండ్రు, నేను చూసిన." కనకమ్మత్త దాని నోట్లో ఎండు ఖర్జూరం పెట్టింది. "ఇది నమిలినంక మాట్లాడు." ఆ ఖర్జూరం ఎంత గట్టిదంటే లాంచీ రేవు దాటి మధ్య ధారలోకి పోయేదాకా లత నోరు ఖాళీ కాలేదు.

ఆ పూట నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. శబరి నీళ్ళు ఒక రంగు, గోదావరి నీళ్ళు ఒక రంగు, రెండూ కలవాలా వద్దా అన్నట్టు చాలా దూరం పక్కపక్కనే పోయాయి. కిటికీ అంత కిందికి ఉండటం వల్ల ఒడ్డు కనబడేది కాదు. నది మా కళ్ళ ఎత్తులోనే పొర్లేది. పైన ఉన్నవాళ్ళు కొండలను చూశారు. మేము నీటి చర్మాన్ని చూశాం, దాని మీద ఎండ ముక్కలై తేలడం చూశాం. చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపితే తుంపర తగిలేది. డీజిల్ వాసన, పుట్నాల వాసన, పిల్లల తలనూనె వాసన కలిసిపోయాయి. ఇంజన్ చప్పుడు ఒకే తూగులో దంచుతుంటే, కనకమ్మత్త గోడకు వీపు ఆనించి, "ఇగో, ఇదే ఆ రోకలి చప్పుడు" అంది. అంతే, గది గదంతా నీళ్ళ అడుగుకు దిగిపోయింది.

"ఆ పిల్ల నోరు తెరిచి 'అమ్మా' అన్నది. అన్నదో లేదో ఒడ్డు మీద ఉన్నది. తడి బట్టలు. ఇల్లు దొర్కవట్టుకొని పోయింది. పిండి దంచేది తల్లి కాదు. తల్లి ఎన్నడో పోయింది. దంచేది ఆమె చెల్లె. నెత్తి ముగ్గుబుట్టయి ఉన్నది. ఈ పిల్ల మాత్రం పోయిననాడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

లత ఖర్జూరం గింజ చేతిలోకి ఉమ్మింది. "మరి ఆమె ఎవళ్ళతోని ఆడుకుంటది?"

"ఎవళ్ళతోని ఆడుకుంటది బిడ్డా? ఆమె ఈడోళ్ళంత ముసలోళ్ళయిరి. మాట్లాడితే పొలాలు, సంబంధాలు, మోకాళ్ళ నొప్పులు. ఈ పిల్లకు అవేం తెల్వయి. ఇగ చిన్నపిల్లలను జమ చేసుకొని కథలు చెప్పుకుంట కూసున్నది."

పిల్లలు "అయిపోయిందా, ఇంకోటి, ఇంకోటి" అని మీద పడ్డారు. నేను కదలలేదు. కనకమ్మత్తకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. పన్నెండో ఏట ఆయన పోయాడు. ఈ సంగతి వంటింట్లో అమ్మ పెద్దమ్మతో అంటుండగా ఎప్పుడో విన్నాను. విని, ఇంట్లో ఉన్న పాత బిందె గురించి విన్నట్టే మరిచిపోయాను. ఆ రోజు నీటి వెలుగు పైకప్పు మీద కదులుతుంటే, పిల్లల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆమెను మొదటిసారి చూసినట్టు చూశాను. కాళ్ళు కూడా చిన్నవే.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలే వేళకు పైన సందడి మొదలైంది. ముత్తయిదువలు గోదావరికి పసుపు కుంకుమలు ఇచ్చి, అరటిదొప్పల్లో దీపాలు వదిలే సమయం. ఓణీ ఈడు పిల్లలకు కూడా పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపం చేతికిస్తారు. మెట్ల మీద అమ్మ కాళ్ళు కనబడ్డాయి, తర్వాత అమ్మ. చేతిలో ఓణీ.

"సుజాతా! పొద్దటి సంది వెనక పెద్ద పిల్లలల్ల ఉన్నవనుకుంటాన. ఈడ కూసున్నవా పోరగాళ్ళల్ల! మీద నీ పేరు పెట్టి పిలుస్తాండ్రు. నా ఇజ్జత్ తీస్తానవ్."

"నేనే ఉండుమన్న" అంది కనకమ్మత్త.

"మీరు ఉండుమంటే మాత్రం అత్తమ్మా, దానికి తెల్వదా? పదమూడు నిండినయి."

"నా లెక్కల ఇయ్యాల పొద్దుగూకె దాక పిల్లే. ఇప్పుడు గూకుతాంది." ఆమె నా వైపు తిరిగింది. "లే బిడ్డా."

అంత మెత్తగా అంది. అయినా నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ ఓణీ విప్పి దులిపింది. మామిడిచిగురు రంగుది, మా దుకాణంలో తానులోంచి బాపు స్వయంగా చింపిన గుడ్డ. అమ్మ నా భుజం మీద వేయబోతుంటే నేను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాను. తీసుకుని కనకమ్మత్తకు ఇచ్చాను. "నువ్వు వెయ్యి" అన్నాను.

మొదటిసారి ఓణీ వేసేది ముత్తయిదువ. భర్త పోయినవాళ్ళ చెయ్యి దానికి తగలకూడదు. మా ఇళ్ళలో ఎవరూ దీన్ని నోటితో చెప్పరు, చెప్పవలసిన అవసరమే రాదు. లత వంటి పిల్లకు కూడా అది తెలుసు. ఖర్జూరం లేకపోయినా అది నోరు మూసుకుంది. కనకమ్మత్త చేతులు వెనక్కి తీసుకుంది. "అమ్మతోని వేయించుకో బిడ్డా. నాకు పిన్నులు పెట్టరాదు." నేను చెయ్యి దించలేదు. నా జీవితంలో నేను ఎవరి మాటకైనా ఎదురు నిలిచానంటే అది అప్పుడే. చెయ్యి చాపి నిలబడ్డాను, అంతే.

అమ్మ మెట్ల వైపు ఒకసారి చూసింది. పైన ఎవరూ వంగి చూడటం లేదు. తర్వాత మా ఇద్దరికీ వీపు తిప్పి, కిటికీలోంచి నదిని చూస్తూ నిలబడింది. "జల్ది కానియ్యున్రి అత్తమ్మా" అంది. "దీపాలు వదిలే యాళ్ళయింది." అమ్మ మీద నాకు ఎన్ని కోపాలు ఉన్నా, ఆ వీపు గుర్తొస్తే అన్నీ కరిగిపోతాయి.

కనకమ్మత్త ఓణీ వేసింది. పిన్ను పెట్టడం ఆమెకు బాగానే వచ్చు. కుచ్చిళ్ళు సర్దుతుంటే ఆమె వేళ్ళకు చింతపండు వాసన వచ్చింది, ఎన్నేళ్ళ పులుపో. కొసను నడుముకు చుట్టి, లోపలికి దోపి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. పిల్లలంతా కూడా చూశారు. లత "మంచిగున్నది" అంది, నాకు కాదు, ఆమెకు.

ఆ తర్వాతిదంతా తొందరతొందరగా జరిగింది. లాంచీ రేవు చేరేసరికి మసక పడింది. సామాన్లు, నిద్రమత్తులో పిల్లలు, బస్సు హారన్. కనకమ్మత్త ఆ కార్తీకమంతా భద్రాచలంలో చుట్టాలింట్లో ఉండిపోవాలని ముందే అనుకుంది. వాళ్ళ మనిషి రేవుకు వచ్చి ఆమెను ముందే దించుకుని తీసుకుపోయాడట. నాకు బస్సులో కూర్చున్నాక తెలిసింది. కార్తీకం దాటినా ఆమె తిరిగి రాలేదు, మాఘం రాకముందే అక్కడే పోయింది. చివరిచూపుకు నన్ను తీసుకెళ్ళలేదు. వెనక గదిలో చింతపండు పళ్ళెం చాలా రోజులు అట్లాగే ఉంది. మధ్యాహ్నాలు నేను వారపత్రిక తెచ్చుకుని అక్కడే కూర్చునేదాన్ని, కాని పైకి చదవలేదు. చదివినదీ చూసినదీ కాగితం మీద పెట్టుకోవడం అప్పటి నుంచే అలవాటైంది.

ఇప్పుడు చౌరస్తాలో ఆ ఇల్లు సగం పంపకాల్లో పోయింది. నేను హసన్‌పర్తిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా బడిలోనూ రిజిస్టరులో తేదీలు సరిగ్గా ఉంటాయి, ఎవరూ ఎవరి తలా అదమరు. అది మంచిదేనని ఒప్పుకుంటాను. ఏడేళ్ళకే చదువు మాన్పించే రోజులు, తొమ్మిదేళ్ళకే పెళ్ళి చేసే రోజులు మళ్ళీ రావాలని ఎవరంటారు? అయినా ఆ క్లబ్బు గుమ్మం నుంచి తిరిగొస్తున్నప్పుడు నాకు అనిపించింది. స్వప్నను బయటికి పంపడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. అవతల ఎదురొచ్చి చేయి పట్టుకునేవాళ్ళు లేరు. నన్ను మాత్రం ఒక మనిషి లోపలికి రానిచ్చింది, ఆ మనిషే తన చేతులతో పైకి పంపింది. తాను ఎన్నడూ రాలేని చోటికి.

ఆ సాయంత్రం ఓణీతో లాంచీ మెట్ల దగ్గర నేను ఆగిపోయాను. అమ్మ అప్పటికే పైకెక్కింది. పైన పసుపు వాసన, పాట అందుకున్న గొంతులు, మెట్ల నోట్లో కుంకుమ రంగు ఆకాశం. వెనక్కి తిరిగి, "నువ్వు గూడ రా అత్తా" అన్నాను. ఆమె నవ్వింది. లతను ఒళ్ళోకి లాక్కుంది. కిటికీలోంచి చూస్తే ఆమెకు నీళ్ళు కనబడతాయి, ఇంకేమీ కనబడదు.

"నేనెందుకు బిడ్డా, ఈ పిల్లలనిడిసి. నువ్వు పో. మీద ఏమేమున్నయో మంచిగ చూసిరా. వచ్చి నాకు చెప్పు."